కచేరీ గోడలు ఎవరివి?
(బుచ్చయ్యపేటలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము మనము యోచింపవలసిన విషయము దేవాలయమును గూర్చినది కాదు, కోటను గూర్చినది కాదు, రాజుగారి నగరును గూర్చినదియు కాదు. అది సర్కారు కచేరీని గూర్చినది. కచేరీ యనగానే మన పల్లెవాసులకు స్ఫురించునవి మూడు: తిరుగుడు, ఎదురుచూపు, చేతిచమురు వదలుట. అట్టి తావునకు వారసత్వ గౌరవమేమిటని మీలో పలువురు లోలోన నవ్వుకొనుచుండవచ్చును. ఆ నవ్వు న్యాయమైనదే. ఆ నవ్వునకే సమాధానము చెప్పుటకు మేము వచ్చితిమి.

మేము న్యాయవాద వృత్తిలో నున్నవారము, గ్రంథాలయోద్యమమున సేవకులము. వృత్తి మమ్ము కచేరీల రికార్డు గదులకు త్రిప్పుచుండును. సేవ మమ్ము పల్లెల చావళ్ళకు త్రిప్పుచుండును. ఈ రెండు తావులనుండి చూచి మేము గ్రహించిన దొక్కటి కలదు. పల్లెవాని భూమికి, వాని పుట్టుకకు, వాని పన్నునకు, వాని తగవునకు సాక్ష్యమంతయు ఆ ఒక్క కట్టడములోనే యున్నది. దేవాలయమున మన భక్తి యున్నది. కచేరీలో మన చరిత్ర యున్నది. ఆ చరిత్ర మనకు నచ్చినదైనను సరే, నచ్చనిదైనను సరే, మనదే.

మొదట మన నేలను చూతము. ఈ మండలములోనే దిబ్బిడ యను గ్రామము కలదు. ఆ గ్రామము పేరుతోనే చరిత్రకారులెరిగిన రాగిశాసన మొకటి యున్నది. శకవర్షము 1191, అనగా క్రీ. శ. 1269 నాటిది. ఒడ్డాది నేలిన మత్స్యవంశపు రాజు అర్జునుడు వేయించినది. ఆ ఒడ్డాదియే మన వడ్డాది. దానశాసన మనగా నేమి? భూమిని దానమిచ్చి, ఇచ్చినదానికి గుర్తుగా రాగిరేకుపై చెక్కించి చేతికిచ్చిన పత్రము. నేటి మాటలో చెప్పవలెనన్న, పట్టా. ఏడువందల యేబది యేండ్లు దాటినను ఆ పట్టా మిగిలెను. దానిని వ్రాసిన కొలువుకూట మెక్కడ నుండెనో వ్రేలుపెట్టి చూపగలవా రెవరు? రాగి మిగిలెను గాని గోడ మిగులలేదు. అక్షరము దక్కెను గాని ఆ అక్షరము పుట్టిన చోటు దక్కలేదు. ఈ లోటు మనకు మన పెద్దలు వదలిపోయినది. దీనినే మన బిడ్డలకు మనము వదలిపోవుదుమా?

తరువాతి కాలమును చూడుడు. 1802లో ఈ ప్రాంతమున శాశ్వత పరిష్కారము జరిగి జమీందారీలు స్థిరపడెను. చోడవరము ముఖ్యస్థానముగా వీరవల్లి తాలూకా యేర్పడెను. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టము వచ్చి జమీందారీలు పోయెను. జమీందారీ ఠాణాల లెక్కలు సర్కారు కచేరీలకు చేరవలసినవయ్యెను. 1959 నవంబరు 1న పంచాయతీ సమితులు వచ్చినవి. బ్లాకు ఆఫీసు లను క్రొత్త కట్టడములు లేచినవి. 1984లో కరణము, మునసబు పదవులు రద్దయ్యెను. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. బుచ్చయ్యపేట మండల కేంద్రమయ్యెను. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయములు వచ్చినవి. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా యేర్పడెను.

మన ముత్తాతలు వీరవల్లి తాలూకావారు. మన తండ్రులు చోడవరము తాలూకావారు. మనము బుచ్చయ్యపేట మండలమువారము. నిన్నటివరకు విశాఖపట్టణపు జిల్లావారము. నేడు అనకాపల్లి జిల్లావారము. ఊరు కదలలేదు, కచేరీలు కదలినవి. కచేరీ కదలినప్పుడెల్లను రెండు ప్రశ్నలు పుట్టును. విడిచివచ్చిన కట్టడమేమయ్యెను? విడిచివచ్చిన కాగితములేమయ్యెను? ఈ రెండు ప్రశ్నలను అడుగువాడు లేనిచోట, మొదటిదానికి గునపము, రెండవదానికి చెదలు సమాధానము చెప్పును.

ఇచ్చట మాకెదురగు మొదటి ఆక్షేపణ బలమైనది. "ఈ పాత కచేరీలు పరాయి దొరతనపు గుర్తులు. మన తాతలు చేతులు కట్టుకొని నిలుచుండిన వసారాలు. వానిని కూల్చివేయుట స్వతంత్ర జాతికి శోభ గాని, కాపాడుట శోభయా?" అని యడుగుదురు. ఈ మాట అనువారి దేశభక్తిని మేము శంకింపము. కాని చరిత్ర వేరొక మాట చెప్పుచున్నది.

మన వడ్డాది మీదుగా పోవు భీమునిపట్టణము–నర్సీపట్టణము రోడ్డు పట్టుకొని పోయి, నర్సీపట్టణము దాటి కొండ యెక్కిన, చింతపల్లి వచ్చును. ఆ కొండదారి వేయుటకు గూడెము డిప్యూటీ తహసీలుదారు బాస్టియన్ మన్యప్రజలచే బలవంతపు చాకిరి చేయించెను. కచేరీ అధికారము ప్రజల వీపుపై కొరడాయైన కాలమది. అప్పుడు అల్లూరి సీతారామరాజు ఏమి చేసెను? 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణాను, 23న కృష్ణదేవిపేట ఠాణాను, 24న రాజవొమ్మంగి ఠాణాను పట్టెను. తుపాకులు, తూటాలు తీసికొనెను. తీసికొన్నవానిని ఠాణా పుస్తకములో వ్రాసి సంతకము చేసెనని ప్రసిద్ధి. ఆ ఠాణాలనే యేల యెంచుకొనెను? ఆ మూడు చిన్న కట్టడములే ఆ యడవిలో సామ్రాజ్యమునకు ముఖము. ఆ ముఖము నెదుట నిలిచి, లెక్క వ్రాసి సంతకము చేయుటలోనే ఆ వీరుని ధైర్యము, ఆ వీరుని ధర్మము రెండును కలవు.

ఇప్పుడు చెప్పుడు. ఆ ఠాణా గోడ బాస్టియన్ జాతిదా, సీతారామరాజుదా? ఆ గుమ్మము దాటి లోనికి పోయిన పాదములలో ఏ పాదములను మనము జ్ఞాపకముంచుకొనుచున్నాము? గుమ్మమే లేనినాడు ఆ పాదముల కథ బిడ్డలకు కట్టుకథవలె వినిపించును. కట్టడము నేరము చేయదు. దానిలో కూర్చుండినవారు చేయుదురు. నేరస్థుడు పోయినపిదప, నేరము జరిగిన స్థలమును చెరిపివేయుట నేరస్థునికి మేలే గాని బాధితునికి మేలు కాదు. ఇది మా వృత్తి మాకు నేర్పిన మొదటి పాఠము.

అండమానులోని సెల్యులర్ జైలును తలపుడు. 1896లో మొదలుపెట్టి 1906కు ముగించిన ఆ చెరసాలకు ఏడు కొమ్ములుండెను. కాలక్రమమున నాలుగు కొమ్ములు కూలినవి, కూల్చబడినవి. మిగిలిన మూడు కొమ్ములను, నడిమి గోపురమును కాపాడుమని కోరినవారెవరు? ఆ చెరలో మ్రగ్గి బయటపడిన రాజకీయ ఖైదీలే! 1979 ఫిబ్రవరి 11న అది జాతీయ స్మారకమయ్యెను. తమ్ము హింసించిన గోడను తామే నిలుపుమనిరి. ఏలయన, ఆ గోడ లేనిచో తమ బాధకు సాక్షి లేడు. కలకత్తాలోని రైటర్స్ బిల్డింగు సంగతియు నట్టిదే. 1930 డిసెంబరు 8న వినయ్, బాదల్, దినేశ్ అను ముగ్గురు యువకులు ఆ కచేరీలో జొచ్చి తమ ప్రాణములొడ్డిరి. స్వాతంత్ర్యము వచ్చినపిదప బెంగాలీలు ఆ కచేరీని కూల్చలేదు. దాని యెదుటి చౌకునకు ఆ ముగ్గురి పేరు పెట్టిరి.

మన మన్యము నుండి గాం మల్లుదొర అండమానునకు పంపబడెను. ఆయనయే 1952లో విశాఖపట్టణము నుండి మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యెను. ఠాణా, చెరసాల, లోక్‌సభ: ఒక మన్యవీరుని జీవితము మూడు సర్కారు కట్టడముల మీదుగా నడచినది. ఈ దారిని బిడ్డలకు చూపవలెనన్న కట్టడములు నిలిచియుండవలయును గదా!

రెండవ ఆక్షేపణ సౌకర్యమును గూర్చినది. "పాత కట్టడములు కురియును, పెచ్చులూడును, కంప్యూటర్లకు తీగలు లాగుటకు వీలు కాదు, క్రొత్తది కట్టుకొనుట మేలు కాదా?" అందురు. క్రొత్త కట్టడములకు మేము విరోధులము కాము. మండలమునకు వచ్చు వృద్ధునికి కూర్చుండుటకు బల్ల, స్త్రీలకు మరుగుదొడ్డి, నడువలేనివానికి వాలుబాట ఉండవలసినదే. కాని క్రొత్తది కట్టుటకు పాతది కూల్చుట నియమమా? ఇంట ఎలుకలున్నవని యింటికి నిప్పు పెట్టుకొందుమా?

మన పాత తాలూకా కచేరీలను కట్టిన తీరును గమనింపుడు. దళసరి గోడలు, ఎత్తైన కప్పు, ఎండ లోనికి రాకుండ చుట్టును వసారా, ఒక ప్రక్క ఖజానా గది, ఒక ప్రక్క సబ్‌జైలు, లోపల రికార్డు గది. పైన బంగాళా పెంకులు, లేదా మద్రాసు మిద్దె. టేకు దూలములపై పలుచని యిటుకలను నిలువుగా ఏటవాలుగా సున్నముతో పేర్చి, వానిపై ఇటుకముక్కల కాంక్రీటు దిమ్మిసకొట్టి చేసిన ఆ మిద్దె యొక నేర్పు. ఆ సున్నమును గానుగలో నూరి, కరక్కాయ నీరు, బెల్లపు నీరు కలిపెడివారు. బెల్లమునకు పేరుపొందిన అనకాపల్లి సీమవారికి ఈ మాట ప్రత్యేకముగా చెప్పవలయునా? మన చెరకు పొలముల తీపి గోడలలోనికి పోయి బలమైనది!

సున్నపు గోడ తడిని పీల్చి మరల గాలికి విడుచును. దానికి సిమెంటు పూత పూసినచో తడి లోపలనే చిక్కుకొనును; గోడ ఉబ్బును, పెచ్చులూడును. అప్పుడు "చూచితిరా, పాత గోడ పనికిరాదు" అందురు. మందు తప్పుగా వేసి రోగిని నిందించుట యిదే. సున్నపు పని తెలిసిన మేస్త్రీ యొక్కడు వచ్చి, సిమెంటు గీకి, సున్నము పూసి, పెంకులు సర్దిన పెక్కు కట్టడములు మరల నిలుచును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన తీరమును చీల్చినప్పుడు చూచితిమి. గాలికి కావలసినది కప్పులోని యొక్క సందు. ఏటేటను వానకు ముందు పెంకులు చూచుకొనుట యనెడి చిన్న పనిని మానివేసి, పదియేండ్ల తరువాత లక్షలతో కూల్చి కట్టుట ప్రజల సొమ్మునకు న్యాయమా?

మూడవ మాట కాగితములను గూర్చినది. మీ ఇండ్ల మీదికి వచ్చునది ఇదియే గాన చెవియొగ్గి వినుడు. అడంగలు, పట్టా, సర్వే కొలతల పుస్తకము, జమాబందీ లెక్క, ఈ పేరులు విననివారిచ్చట లేరు. "ఇప్పుడన్నియు కంప్యూటరులోనికి ఎక్కినవి, పాత కాగితములెందులకు?" అని కొందరందురు. ఎక్కించినవాడు మనుష్యుడే గదా? ఒక అంకె తారుమారైన, ఒక పేరు ప్రక్క వరుసలోనికి జారిన, తప్పు దిద్దుటకు మూలము కావలయును. మూలము లేనినాడు తప్పే ఒప్పు. న్యాయస్థానమున రైతు చేతులు జోడించి "ఈ భూమి మా తాతనాటిది" అన్న చాలదు. తాతనాటి కాగితము చూపవలయును.

2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టరు కార్యాలయమున మంటలు లేచి భూముల దస్త్రములు కాలిపోయెను. ఆ మంటల వెనుక కథను తేల్చుట దర్యాప్తు చేయువారి పని. దానిలోనికి మేము పోము. కాని ఆ మరునాటి నుండి రైతు గుండెలలో రేగిన భయమును గమనింపుడు. ఒక గది కాలినచో ఒక సీమ కాలినట్లయ్యెను! భూమి హక్కుల చట్టము వచ్చినప్పుడు పుట్టిన కలవరమునకును మూలము ఇదియే: నా హక్కునకు సాక్ష్యము ఎవరి చేతిలో నుండును? ఆ చట్టము 2024లో రద్దయ్యెను. చట్టములు వచ్చును, పోవును. రికార్డు గది నిలిచియున్నచో రైతు నిలిచియుండును. కనుక కచేరీ కట్టడమును కాపాడుమని మేమనుట అందము కొరకు మాత్రమే కాదు. రికార్డు లేని కట్టడము పెంకు. కట్టడము లేని రికార్డు పెంకు లేని గ్రుడ్డు.

ఇక చట్టమేమి చెప్పుచున్నదో విన్నవింతుము. మన రాజ్యాంగపు 49వ అధికరణము జాతీయ ప్రాముఖ్యము గల కట్టడములను రక్షించుట రాజ్యము విధి యనినది. 1976లో చేర్చిన 51-క అధికరణము మన సమ్మిశ్ర సంస్కృతి వారసత్వమును కాపాడుట ప్రతి పౌరుని కర్తవ్యమనినది. గమనింపుడు: అది ప్రభుత్వమునకు మాత్రమే అప్పగించిన పని కాదు. 1958 నాటి కేంద్రచట్టమున ప్రాచీన కట్టడ మనిపించుకొనుటకు నూరేండ్లు నిండవలయును. ఈ కొలబద్దతో కొలిచిన, 1959 నాటి సమితి కార్యాలయము గాని, 1985 తరువాతి మండల కార్యాలయము గాని లెక్కకు రావు. అందుచేత వానికి విలువ లేదని యెంచరాదు. ఏ కట్టడమైనను నూరవ యేడు చూడవలెనన్న, ముందు తొంబదితొమ్మిదేండ్లు ఎవరో దానిని కాపాడవలయును. ఆ తొంబదితొమ్మిదేండ్లకు చట్టము లేదు, ఊరే చట్టము.

న్యాయస్థానములు రక్షింపవా? ఒక్కొక్కప్పుడు రక్షించును. హైదరాబాదులోని ఎర్రమంజిల్ భవనమున సర్కారు కార్యాలయములుండెను. దానిని కూల్చి శాసనసభ కట్టుటకు 2019లో తెలంగాణ ప్రభుత్వము నిర్ణయింపగా, ప్రజలు వ్యాజ్యము వేసిరి. 2019 సెప్టెంబరు 16న హైకోర్టు ఆ నిర్ణయమును కొట్టివేసెను. ఆ మరుయేడే, 2020 జూలైలో, అదే నగరమున పాత సచివాలయ భవనములు కూల్చబడెను. ఆ సారి న్యాయస్థానము తుదకు అడ్డు రాలేదు. ఒకే నగరము, ఒకే న్యాయస్థానము, రెండు ఫలితములు. కావున న్యాయవాదులమైన మేమే మీకు చెప్పుచున్నాము: న్యాయస్థానమును చివరి మెట్టుగా నుంచుకొనుడు, మొదటి మెట్టుగా కాదు. గునపము పడిన తరువాత వ్యాజ్యము వేయుట గతజల సేతుబంధనము.

మరి మొదటి మెట్టేది? మేము నాలుగు పనులను మీ యెదుట నుంచుచున్నాము. ఇవి పెద్ద ధనముతో జరుగునవి కావు, మనస్సుతో జరుగునవి.

ఒకటి: ప్రతి గ్రామమునను సర్కారు కట్టడముల పట్టిక వ్రాయుడు. కరణము కూర్చుండిన చావడి, పాత పంచాయతీ గది, సమితి నాటి కట్టడము, పశువుల బందెలదొడ్డి సైతము. కట్టిన యేడు, వాడిన సామాను, నేటి స్థితి వ్రాసి, ఛాయాచిత్రము తీసి యుంచుడు. పాఠశాల విద్యార్థులే ఈ పని చేయగలరు. ముసలివారిని అడిగి వ్రాసికొనుడు. వారు పోయినపిదప అడుగుటకు ఎవరునుండరు.

రెండు: 2005 నాటి సమాచార హక్కు చట్టపు 4వ విభాగము ప్రకారము ప్రతి కార్యాలయమును తన రికార్డులనన్నిటిని పట్టికతో, సూచికతో క్రమముగా నుంచవలయును. ఇది దయ కాదు, విధి. ఏ కార్యాలయమును ఏ కట్టడము నుండి మార్చినను, ఎన్ని కట్టలు బయలుదేరినవి, ఎన్ని చేరినవి యని అడుగుడు. వినయముతో అడుగుడు, కాని అడుగుట మానకుడు.

మూడు: ఏ కట్టడమునైనను శిథిలమని కూల్చబూనినచో, గ్రామసభలో ఆ మాట ముందుగా చర్చకు రావలెనని కోరుడు. 1993 ఏప్రిల్ 24 నుండి అమలైన రాజ్యాంగ సవరణచే గ్రామసభకు రాజ్యాంగమున స్థానము కలిగినది. సున్నపు కట్టడము సంగతి తెలిసిన ఇంజనీరు చూచి చెప్పినదా, ఊరక కంటితో చూచి వ్రాసినదా యని ఆ సభలో విచారింపుడు. నిజముగా ప్రాణాపాయకరమైనదైన కూల్చుటకు మేమును సమ్మతింతుము. మనుష్యుని కంటె గోడ యెక్కువ కాదు. కాని కూల్చుటకు ముందు కొలతలు తీయుడు, చిత్రములు తీయుడు, టేకు తలుపులను, శిలాఫలకములను వేలములో పోనీయక భద్రపరచుడు.

నాలుగు: ఖాళీ పడిన పాత కట్టడమును గ్రంథాలయముగా మార్చుటకు యత్నింపుడు. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగిననాటి నుండి మన యుద్యమము వెదకుచున్నది గది కొరకే. ఊరిలో గది ఖాళీగా నుండ, పుస్తకములు పెట్టెలలో మూలుగుట యేమి న్యాయము? నిన్న రైతు వంగి దరఖాస్తు చేతికిచ్చిన బల్లపై నేడు ఆ రైతు మనుమరాలు తలయెత్తి పుస్తకము చదువుకొనినచో, అంతకుమించిన స్వరాజ్య చిహ్నము వేరొకటి కలదా? కచేరీ కూలినచో ఆ దృశ్యము కానరాదు. కచేరీ నిలిచి, మారిననే అది కానవచ్చును.

కొందరు మమ్ము హెచ్చరించిరి: "బుచ్చయ్యపేట చిన్న ఊరు, వారసత్వమును గూర్చి పట్టణములలో మాటాడుడు" అని. మేము సమ్మతింపలేదు. పట్టణపు కట్టడమునకు పత్రికలు కలవు, సంఘములు కలవు, వ్యాజ్యము వేయువారు కలరు. చిన్న ఊరి కట్టడమునకు ఆ ఊరివారు తప్ప దిక్కు లేదు. 1921–22లో పెదనందిపాడు పన్నుల నిరాకరణోద్యమమున గ్రామోద్యోగులు రాజీనామాలిచ్చి కచేరీకి ఊరు లేకుండ జేసిరి. ఆనాడు సర్కారు బలమంతయు పట్టణముననే యున్నదని భ్రమించిన వారికి, ఆ బలము పల్లె కచేరీ అరుగు మీద నున్నదని తెలిసెను. ఊరు లేని కచేరీ ఒట్టి గోడ. అది ఆనాటి పాఠము. గోడను ఊరు తనదిగా చేసికొనవలయును; ఇది నేటి పాఠము.

దొరలు కట్టించినను ఆ గోడలకు రాయి మోసినవారు మనవారు, సున్నము నూరినవారు మనవారు, ఆ ఖజానా నింపిన శిస్తు మన చెమట. కట్టించినవారు ఓడలెక్కి పోయిరి. కట్టినవారి మనుమలు ఈ సభలో కూర్చుండియున్నారు. ఇక ఆ గోడలు ఎవరివో మేము చెప్పవలయునా? మీ సొత్తును మీరు లెక్కపెట్టుకొనుడు. రేపటి ఉదయమే ఒక కాగితము తీసికొని, మొదటి కట్టడము పేరు వ్రాయుడు. మేము తోడు వచ్చెదము.